గోధుమరంగు బోర్డర్ గార్డ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గోధుమరంగు బోర్డర్ గార్డ్ గారి దివ్యసముఖమునకు,

నిన్న ఆదివారం మధ్యాహ్నం, హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 అనే కంప్యూటర్ ఆటలో దారికి అడ్డంగా నిలబడే కావలివారైన తమరు నాకు చేసిన సత్కారానికి కృతజ్ఞతలు తెలుపుకోవడం కనీస మర్యాద కనుక ఈ లేఖ రాస్తున్నాను. నా కోట ముంగిటనే, నా సైన్యాన్ని నడిపే హీరో ఒక్కరోజులో చేరుకోగలిగినంత దగ్గరలో, ఆట మొదటి వారం నుంచీ తమరు కొలువుతీరి ఉన్నారు. గోధుమరంగు గుడారాన్ని చూసి వచ్చినవారికే దారి అన్నారు, చూసి వచ్చాను. తమరు మాట తప్పలేదు, వెంటనే పక్కకు తొలగిపోయారు. తొలగిన తర్వాత తమ వీపు వెనుక కనిపించిన బ్లాక్ డ్రాగన్ల గుంపు గురించి మాత్రం ఆటలో గడిచిన అన్ని నెలల పరిచయంలో తమరు ఒక్క ముక్కైనా చెప్పలేదు. మ్యాప్ మొత్తంలో తెరవడానికి మిగిలిన దారి అదొక్కటే కనుక తలపడ్డాను. సైన్యం రెండో రౌండు దాటలేదు.

తమ మీద నాకు వ్యక్తిగత ద్వేషం ఏమీ లేదు. హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 విడుదలైన 1999 నుంచీ ఎనిమిది రంగుల్లో తమ వంశం వర్ధిల్లుతూనే ఉంది. ఆటతోపాటే మ్యాప్ ఎడిటర్‌ను కూడా చేతికిచ్చారు కనుక, దాన్ని తయారుచేసిన సంస్థ మూతపడి ఏళ్లు గడిచినా అభిమానులు మ్యాప్‌లు చేస్తూనే ఉన్నారు, మేము దించుకుంటూనే ఉన్నాం, తమరు అడ్డంగా నిలబడుతూనే ఉన్నారు. ఈ ఉద్యోగాన్ని తమరు కోరి తెచ్చుకోలేదని కూడా నాకు తెలుసు. కానీ ఈ మ్యాప్ చేసిన తమ సృష్టికర్తకు రాస్తే "నేను ఆడినప్పుడు తేలిగ్గానే గెలిచానే" అన్న జవాబు తప్ప మరొకటి రాదు కనుక, తిరిగి జవాబు చెప్పలేని తమకే మొర పెట్టుకుంటున్నాను.

ముందుగా నడక సంగతి. తమ గుడారం మ్యాప్‌కు అవతలి కొసన, భూగర్భంలో, చిత్తడినేల దాటిన తర్వాత ఉంది. 144×144 గళ్ల మ్యాప్, పైన ఒక అంతస్తు, కింద ఒక అంతస్తు, మొత్తం 41,472 గళ్లు. వాటిలో ఎక్కడో ఆ ఒక్క గుడారం, దానివైపు వేలెత్తి చూపే బోర్డు ఒక్కటి కూడా లేదు. రాతిబాట మీద గడికి 50 చొప్పున ఖర్చయ్యే కదలిక పాయింట్లు చిత్తడిలో 175 చొప్పున ఖర్చవుతాయి; మందకొడి సైన్యాన్ని వెంటబెట్టుకున్న హీరోకు రోజుకు దక్కేవి 1500. అంటే రోజంతా నడిస్తే ఎనిమిది గళ్లు. ఎనిమిది గళ్లు నడవడం, రోజు ముగించడం, మళ్లీ ఎనిమిది గళ్లు నడవడం, మళ్లీ రోజు ముగించడం. దారిలో శత్రువు లేడు, గని లేదు, ఏరుకోవడానికి కట్టెల కుప్ప కూడా లేదు. పోరాడటానికి ఎవరూ లేరు కనుక హీరోకు అనుభవమూ పెరగదు. నడక తప్పించే టౌన్ పోర్టల్ మంత్రాన్ని నిషేధించారు, డైమెన్షన్ డోర్‌ను నిషేధించారు. (ఫ్లై మంత్రం సంగతి మరిచిపోయి ఉంటారేమోనని ఆశపడ్డాను, ఇలాంటి విషయాల్లో తమ సృష్టికర్తకు మతిమరుపు లేదు.) గుడారం ఇచ్చే తాళంచెవి హీరోకు కాక ఆటగాడికే దక్కుతుంది కనుక, కోట దగ్గర ఊరికే కూర్చున్న ఏ చిల్లర హీరోను పంపినా తమరు తొలగిపోతారన్న మాట నిజమే. కానీ డ్రాగన్లతో తలపడవలసిన సైన్యం అప్పటికి ఆ కొసన బురదలో ఉంటుంది, అదంతా తిరిగి రావాలి, వచ్చేటప్పుడూ రోజుకు ఎనిమిది గళ్లే. దీన్ని మ్యాప్ వివరణలో 'అనుభవజ్ఞులకు తగిన సవాలు' అని వర్ణించారు. రోజు ముగించే బొత్తాం నొక్కడానికి ఎంత అనుభవం కావాలో తమరే సెలవివ్వాలి.

అయినా నడక ఒక్కటే అయితే సర్దుకుపోయేవాణ్ణి. నేను నడుస్తున్నంతసేపూ తమ వీపు వెనుక జరిగిన వ్యవహారాన్నే మింగలేకపోతున్నాను. ఓడిన తర్వాత మ్యాప్‌ను ఎడిటర్‌లో తెరిచి చూశాను. అక్కడ పెట్టిన డ్రాగన్లు 20. ఈ ఆటలో ఎవరికీ చెందని సైన్యాలు ఊరికే కూర్చోవు, వారానికి పదిశాతం చొప్పున పెరుగుతాయి. గుడారం ఎక్కడుందో తమ సృష్టికర్తకు తెలుసు, అక్కడ పాతిందే ఆయన కనుక. నేరుగా వెళ్లి నేరుగా వచ్చి ఆయన ఎనిమిది వారాలు గడిచేసరికి తమ ముందు నిలబడ్డాడనుకుందాం. అప్పటికి డ్రాగన్లు సుమారు 43. కుడి బొత్తాం నొక్కి చూస్తే అంకెకు బదులు 'లాట్స్' అని కనిపిస్తుంది. కష్టమే, కానీ గెలవగలిగిన కష్టం. గెలిచాడు, మ్యాప్ చక్కగా కుదిరిందని మురిసిపోయాడు, లోకం మీదికి వదిలాడు. ఇక ఏమీ తెలియని ఆటగాడు ఉత్తరమంతా గాలించి, దక్షిణమంతా గాలించి, భూగర్భంలో ఎటూ పోని సందుల్లోకి దూరి బయటపడి, చివరకు గుడారం కనిపెట్టి, తిరిగి తమ ముందుకు వచ్చేసరికి ఇరవై నాలుగు వారాలు పట్టిందనుకుందాం. అప్పటికి అవే డ్రాగన్లు సుమారు 197. 'హోర్డ్' అన్న మెట్టును కూడా దాటేసి 'థ్రాంగ్' అని చూపిస్తుంది. ఒక్కొక్కదానికి 300 హిట్ పాయింట్లు, అంటే అంత ప్రాణబలం ఉంది కనుక, ఆయన పడగొట్టవలసింది 12,900 అయితే నేను పడగొట్టవలసింది 59,100. స్లో, బ్లైండ్ వంటి మంత్రాలేవీ బ్లాక్ డ్రాగన్లను అంటవన్న సంగతి తమకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ కాలంలో నా సైన్యం కూడా పెరిగింది కదా అని తమరు సెలవియ్యవచ్చు. పెరిగింది. కోటను పూర్తిగా కట్టుకున్నా అన్నిటికన్నా బలమైన ఏడో స్థాయి జీవులు వారానికి రెండంటే రెండే పుడతాయి. మొదటి నెలలోనూ రెండే, ఆరో నెలలోనూ రెండే. ఎనిమిది వారాలకు పదహారు, ఇరవై నాలుగు వారాలకు నలభై ఎనిమిది, అంటే మూడు రెట్లు. అదే వ్యవధిలో తమ డ్రాగన్లు నాలుగున్నర రెట్లకు పైగా పెరిగాయి. నాది వారానికింత అని ముట్టే జీతం, వాటిది చక్రవడ్డీ. తొలి వారాల్లో జీతమే ముందుంటుంది, అందుకే మొదట్లో ఆలస్యం వల్ల నష్టమేమీ కనిపించదు. రెండు నెలలు దాటి మూడో నెల నడుమకు వచ్చాక లెక్క తిరగబడుతుంది, అక్కడి నుంచి ప్రతి వారమూ ఆటగాడు వెనకబడిపోతూనే ఉంటాడు. ఆ మలుపు ఎక్కడ దాటాడో అతనికి తెలియజెప్పేది ఏదీ ఉండదు, ఎందుకంటే డ్రాగన్లు తమరి వెనుక చీకట్లో ఉన్నాయి, అతను బురదలో ఉన్నాడు.

ఇప్పుడు చెప్పు. నువ్వు పరీక్షించింది నా వ్యూహాన్నా? నీ యజమాని బుర్రలో ఉన్న మ్యాప్ నా బుర్రలో లేదన్న ఒక్క సంగతిని తప్ప నువ్వు దేన్ని పరీక్షించావు? ఓడిపోవడానికి నాకు అభ్యంతరం లేదు, ఈ ఆటలో ఓడిపోయి నేర్చుకోనివాడు ఎవడూ లేడు. దళాలను తప్పు వరసలో నిలబెట్టావనో, గనులు పట్టుకోవలసిన వారంలో కోటకు బురుజులు కట్టుకున్నావనో ఓటమి చెప్పాలి. నీ దగ్గర ఓడిపోయి నేను తెలుసుకున్నది గుడారం ఎక్కడుందన్నది మాత్రమే, అది మరే మ్యాప్‌లోనూ పనికిరాదు. అన్నిటికన్నా ఒళ్లు మండించేది ఏమిటంటే, ఎడిటర్‌లో ఆ డ్రాగన్ల మీద నొక్కితే తెరుచుకునే పెట్టెలో 'సంఖ్య పెరగకూడదు' అని టిక్కు పెట్టే చోటు ఉంది. 'పారిపోకూడదు' అని టిక్కు పెట్టే చోటు కూడా అదే పెట్టెలో ఉంది. నీ యజమాని రెండోదానికి శ్రద్ధగా టిక్కు పెట్టాడు. మొదటిదాన్ని వదిలేశాడు. ఒక్క టిక్కు! ఆదివారమంతా ఒక్క టిక్కు కోసం పోయింది!

తమ సహోద్యోగుల గురించి కూడా రెండు మాటలు చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. శత్రువుల హీరో ముందే ఎత్తుకుపోయిన ఆయుధాన్ని తెచ్చి ఇమ్మని నెలల తరబడి అడుగుతూ కూర్చునే సీర్ గారికి నమస్కారం. ఉన్న ఒక్క దారినీ మూసేసి, 'తెరుస్తావా' అని మర్యాదగా అడిగే ప్యాండోరా పెట్టెకు నమస్కారం. ఆటలో ప్రతి వారం మొదటి రోజు పొద్దున్నే తెర నిండా తెరుచుకుని, చంపవలసిన రాజుగారి తాతల వంశచరిత్ర చెప్పే సందేశానికి దూరం నుంచే నమస్కారం. 'ఇంపాజిబుల్ స్థాయిలో ఆడితేనే అసలు మజా' అని వివరణలో రాసేవారికి ఒక మనవి: సున్నా బంగారంతో మొదలుపెట్టించడం తొలి వారాలను కష్టం చేస్తుంది, ఆరో నెలకు దాని జాడ కూడా మిగలదు. ఇక కోటలన్నీ పోయాక కూడా మ్యాప్ మూలన ఒక ద్వీపంలో దాక్కుని ఆటను ముగియనివ్వని ఆఖరి శత్రుహీరో గురించి ఈ లేఖలో రాయను, దానికి వేరే లేఖ కావాలి.

ఇంత రాశాక న్యాయం కోసం తమ బంధువు తెల్లరంగు వారి ప్రస్తావన తేవాలి. ఇదే మ్యాప్‌లో, ఇదే చేతులమీదుగా, ఆయనకు దక్కిన ఉద్యోగం చూడండి. ఆయన ఎదురైన రోజునే నీళ్ల అవతల తెల్లగుడారం కనిపిస్తుంది. ఎక్కడికి వెళ్లాలో తెలుసు, ఎలా వెళ్లాలో తెలియదు. ఇరుకుదారి దగ్గర మినోటార్లు, ఎద్దుతల రాక్షసులు, కాపలా ఉన్నాయి, తొందరపడితే సగం సైన్యం పోతుంది, ఒక వారం ఆగితే వాటి సంఖ్యా పెరుగుతుంది, ఆ వారంలో ఏం కట్టాలి, ఏం కొనాలి అన్నదే ఆట. గెలిచి తెల్లవారిని దాటితే ఒక బంగారు గని, దాని వెనుక వంకరదారి, ఆ దారి చివర నా కోట పెరడు. అరగంట నుంచి నాకు తెలియకుండానే ఇంటివైపు నడుస్తున్నానని అప్పుడు అర్థమై, ఒక్కడినే కూర్చుని గట్టిగా నవ్వాను. ఇది చేసినవాడికి చేతకాదని ఎలా అనను? డబ్బు రాదు, గుర్తింపూ అంతంతమాత్రమే, అయినా కొండవాలు మీద ఒక్కొక్క చెట్టునూ చేత్తో పెట్టి, చెట్ల మధ్య ఎవరూ చూడని పొదనూ పెట్టిన మనిషి ఆయన. అంత ఓపిక ఉన్నవాడు ఇంకొకరిని పిలిచి, గుడారం ఎక్కడుందో చెప్పకుండా ఒక్కసారి ఆడించి, పక్కన నోరు మూసుకుని కూర్చుని చూసి ఉంటే ఈ లేఖ రాయవలసిన అవసరమే వచ్చేది కాదు.

కనుక తమ ద్వారా నా విన్నపాలు. తమరిని తొలగించమని కోరను. తొలి వారంలోనే కనిపించి, 'ఎప్పటికైనా నన్ను దాటాలి' అని ఊరించే కావలి ఉండటం మ్యాప్‌కు అందమే. గుడారం పక్కన ఒక్కవైపుకే దాటించే మాయరాయి, అంటే ఏకముఖ మోనోలిత్‌ను పెట్టి, దాని రెండో కొసను నా కోట దగ్గర తేల్చితే చాలు. చిత్తడి మొదట్లో ఒక బోర్డు నాటించండి. డ్రాగన్లు 60 పెట్టినా సరే, కానీ పెరగనివ్వకండి, నేను ఏ వారంలో వచ్చినా అవి అరవైగానే ఉండాలి.

తమ సృష్టికర్త రెండో మ్యాప్ విడుదల చేశారు. అదీ 144×144, అదీ రెండు అంతస్తులు, ఈసారి తమ వంశంలోని ఎనిమిది రంగులవారికీ ఉద్యోగాలు ఇచ్చారట. నిన్న రాత్రే దించుకున్నాను. ఆడి ముగించేదాకా ఎడిటర్‌లో తెరవకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు నిలుస్తుందా లేదా అన్నది తమ నల్లరంగు తమ్ముడి వెనుక ఏం కాచుకుని ఉందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇట్లు,
తమ విధేయుడైన ఒక ఆటగాడు