ఎకరానికి ఎంత డోసు?

మా వైపు తిరిగే డెలివరీ కుర్రాడికి మా వీధి తెలియదు, తెలుసుకోడు. ఎవరి పార్సిలైనా సెంటర్లో ఫీడు షాపు బల్ల మీద పడేసి, అందజేశామని మెసేజ్ కొట్టి పోతాడు. నాది మొహం నలుపు తగ్గించే ఆల్ఫా ఆర్బుటిన్ సీరమ్, 30 ఎం.ఎల్. పెళ్లిచూపులున్నాయి, చెరువు గట్ల మీద తిరిగి నల్లబడ్డానని అమ్మ గోల. నేను వెళ్లేసరికే మా బాబాయ్ అట్టపెట్టె చింపేశాడు.

భీమవరం చుట్టుపక్కల ఏ సీసా దిగినా అది రొయ్యల మందే. బాబాయ్ కళ్లజోడు సర్దుకుని, సీసాని ఎండకు పట్టి, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కున్నాడు. ‘స్పాట్స్’ దొరికింది. కింద ‘వైట్’ దొరికింది. స్పాట్స్ ముందున్న ‘డార్క్’నీ, వైట్ వెనకున్న ‘నింగ్’నీ ఆయన లెక్కచేయలేదు.

“ఒరేయ్, వైట్ స్పాట్‌కి మందొచ్చిందిరా!”

రొయ్యలకి వైట్ స్పాట్ వైరస్ సోకితే మందు లేదు. రాత్రికి రాత్రి చెరువు పట్టించి, వచ్చిన రేటుకి తెగనమ్ముకోవడమే. ఇంకేముంది, టీ గ్లాసులు బల్ల మీదికి, జనం బాబాయ్ మీదికి. ఒకాయన డ్రాపర్ పిండి, “వాసన లేదండి, ఒరిజినలే” అని తేల్చేశాడు. ఇంకొకాయన వేలికి రాసుకుని నాలుక్కి అంటించుకున్నాడు. “మేతలో కలపాలా, నీళ్లలో కొట్టాలా?” “ఎకరానికి ఎంత డోసు?” అందరూ నావైపే చూశారు. పెట్టె మీద నా పేరుంది మరి.

బేర్‌బెర్రీ అనే మొక్క ఆకుల్లో ఆర్బుటిన్ ఉంటుందని, నలుపు రంగు తయారుచేసే టైరోసినేస్ ఎంజైముకి అడ్డుపడుతుందని చెప్పాను. ‘మొహానికి’ అనే మాట దగ్గర నోరు పెగల్లేదు. పట్టిన రొయ్యకి తల దగ్గర నలుపెక్కేదీ ఆ తరహా ఎంజైము వల్లేనాయె! రొయ్యల ప్లాంటులో పనిచేసే ఆయన వెంటనే అందుకున్నాడు.

“నిజమేనండి, దానికి మేం మెటాబైసల్ఫైట్ వాడతాం.”

దాంతో నా మందుకి సర్టిఫికెట్ పడిపోయింది.

“రెండు పర్సెంటేనా? నీళ్లు కలిపేశార్రా వెధవలు!” అన్నాడు బాబాయ్, లేబుల్ చూసి. యూరప్‌లో ఫేస్ క్రీముల్లో ఆల్ఫా ఆర్బుటిన్‌కి గరిష్ఠ పరిమితే 2 శాతం. అది చెప్పాలన్నా మొహం ఊసెత్తాలి.

ఈలోగా ఎవడో లేబుల్ ఫొటో తీసి, కింద నా ఫోన్ నంబరేసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. భోజనానికి కూర్చున్నానో లేదో ఆకివీడు నుంచి ఫోను.

“ఏమండీ, అయిదు లీటర్ల క్యాను ఉందాండి? అప్పిస్తారా?”

స్టాకు లేదన్నాను.