500 నోటు రద్దవుతుందట: ఆ మెసేజ్‌లో ఉన్నదెంత, లేనిదెంత

ఎన్నిసార్లు కాదన్నా గ్రూపుల్లో అదే మెసేజ్ తిరుగుతోంది. "2026 మార్చి నుంచి ఏటీఎంలలో 500 బంద్, తర్వాత నోటే చెల్లదు. నంబరులో స్టార్ ఉంటే నకిలీ. పెన్ను గీత పడితే బ్యాంకు తీసుకోదు. 500 పోతే నల్లధనం పోతుంది. వెంటనే మార్చేసుకోండి, పది మందికి పంపండి."

స్టార్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. నూరు నోట్ల కట్టలో అచ్చు తప్పిన నోటు తీసేసి, దాని స్థానంలో పెట్టే నోటుకు ప్రెస్‌లోనే వేసే గుర్తు అది. నిక్షేపంగా చెల్లుతుంది. పెన్ను గీతా అంతే, ఆ నోటూ చెల్లుతుంది. రాజకీయ నినాదాలు రాసిన నోటుకు మాత్రం విలువ పోతుంది, అలా రాయకండి.

ఇక ఏటీఎం. 2025 ఏప్రిల్ 28న ఆర్బీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. సెప్టెంబర్ 30 నాటికి 75 శాతం, 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలు కనీసం ఒక క్యాసెట్ (యంత్రంలో నోట్లు నింపే పెట్టె) నుంచి 100 గానీ 200 గానీ ఇవ్వాలని చెప్పింది. అంతే. 500 ఆపమన్న మాట అందులో ఎక్కడా లేదు. చిల్లర నోట్లు పెట్టమంటే పెద్ద నోటు తీసేయమన్నట్టా? ఏటీఎంలో సాధారణంగా నాలుగు క్యాసెట్లుంటాయి. ఒకదాంట్లో 100 పెట్టినా మిగతా మూడింట్లో 500 ఉండొచ్చు. తేదీని మాత్రం సర్క్యులర్ నుంచి తీసుకుని, విషయాన్ని సొంతంగా కల్పించారు.

నోటు రద్దు చేయాలంటే ఆర్బీఐ చట్టం 26(2) కింద సెంట్రల్ బోర్డు సిఫార్సు, కేంద్రం గెజిట్ నోటిఫికేషన్ కావాలి. 2025 మేలో కడప మహానాడులో చంద్రబాబు 500 నోటు రద్దు చేయాలన్నారు, నిజమే. అది ఒక నాయకుడి డిమాండ్. డిమాండ్‌తో నోటు చెల్లకుండా పోదు.

ఇక అన్నిటికంటే హాని చేసేది "వెంటనే మార్చేసుకోండి" అన్న మాట. 2016లో వెయ్యికి ఇంతని కమీషన్ కోసుకుని నోట్లు మార్చినవాళ్లను మరిచిపోయారా? ఇలాంటి భయమే వాళ్లకు పెట్టుబడి. పింఛను డబ్బులు బియ్యం డబ్బాలో దాచుకున్న ముసలమ్మకు ఈ మెసేజ్ చదివి వినిపిస్తే, ఆమె వెళ్లేది బ్యాంకుకు కాదు, వీధి చివర నాలుగు వందల యాభై ఇస్తానన్నవాడి దగ్గరికి. ఫార్వర్డ్ నొక్కేముందు ఆ యాభై ఎవరి జేబులోంచి పోతుందో ఆలోచించండి.

పోనీ, రద్దు చేద్దామనే అనుకుందాం. 2025 మార్చి నాటికి చలామణిలో ఉన్న నోట్ల విలువ సుమారు 37 లక్షల కోట్లు. అందులో దాదాపు 86 శాతం 500 నోట్లే, అంటే 6,300 కోట్ల నోట్ల పైచిలుకు. అంత విలువను 200 నోట్లలో పెట్టాలంటే 15,800 కోట్ల నోట్లు కొట్టాలి. నాసిక్, దేవాస్, మైసూరు, సాల్బోని ప్రెస్‌లు నాలుగూ కలిసి ఏడాదికి ఇచ్చేవి అన్ని రకాలూ కలిపి ఇంచుమించు 3,000 కోట్ల నోట్లు. పది, ఇరవై, వంద నోట్ల అచ్చు పూర్తిగా ఆపేసినా ఐదేళ్లు దాటుతుంది. 2023లో రెండు వేల నోటు గొడవ లేకుండా వెనక్కి వచ్చిందంటే కారణం, దాని అచ్చు 2018-19లోనే ఆగింది, అప్పటికి విలువలో దాని వాటా 11 శాతం లోపుకు పడిపోయింది. పైగా ఆ నోటు చెల్లదని అప్పుడూ అనలేదు, ఇప్పటికీ హైదరాబాద్ ఆర్బీఐ కార్యాలయం తీసుకుంటుంది.

నల్లధనం మాటా చూద్దాం. 2016లో రద్దయినవి 15.41 లక్షల కోట్లు, బ్యాంకులకు తిరిగొచ్చినవి 15.31 లక్షల కోట్లు. లెక్క చూపని సొమ్ము కట్టల రూపంలో ఎక్కువకాలం కూర్చోదు, స్థలంగానో బంగారంగానో మారుతుంది. రిజిస్ట్రేషన్ కాగితంలో రాసే ధరకూ చేతులు మారే ధరకూ మధ్య ఎంత తేడా ఉందో ప్లాటు కొన్న ప్రతివాడికీ తెలుసు. దాని జోలికి పోకుండా నోటు మీద పడితే ఏం లాభం?

అయితే ఆ మెసేజ్ ఇంతగా అంటుకోవడానికి కారణమైన విసుగు మాత్రం న్యాయమైనదే. కార్డు పెడితే తరచూ 500లే వస్తాయి, కూరగాయల బండి దగ్గర చిల్లర దొరకదు. దీనికి కారణం యంత్రంలోనే ఉంది. క్యాసెట్‌లో 2,000 కాగితాలు పడతాయనుకుంటే, 500 నింపితే పది లక్షలు, 100 నింపితే రెండే లక్షలు. క్యాష్ వ్యాన్ ఐదు రెట్లు తిరగాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే బ్యాంకులు 500 నింపుతాయి. చాలా యంత్రాలు ఒక్క విడతలో 40 నోట్లకు మించి ఇవ్వవు కాబట్టి అన్నీ వందలైతే మనకొచ్చేది నాలుగు వేలే. అందుకే కనీసం ఒక క్యాసెట్ చిల్లరకు అన్న ఆర్బీఐ పద్ధతి సరైనది, ఆలస్యంగా వచ్చినా సరే. మీ వీధి ఏటీఎంలో ఇంకా 500లే వస్తుంటే ఆ సర్క్యులర్ తేదీ చెప్పి బ్రాంచ్ మేనేజరుకు రాసివ్వండి. ఈలోగా కౌంటర్లో వంద నోట్ల కట్ట అడగండి, కట్టకు పది వేలు.