ఒంగోలు గిత్తకు స్పేర్ పార్టులు అక్కర్లేదు

2024 మార్చి 18న అద్దంకి దగ్గర నేషనల్ హైవే మీద వాయుసేన విమానాలు దిగాయి. 16వ నంబరు రోడ్డులో 4.1 కిలోమీటర్ల ముక్కను ఇందుకోసమే కాంక్రీటుతో కట్టారు. ఏఎన్-32, డోర్నియర్ అనే రవాణా విమానాలు దర్జాగా దిగాయి. సుఖోయ్, హాక్ జెట్లు మాత్రం రోడ్డు దాకా వంగి, దిగకుండానే మళ్లీ పైకి లేచిపోయాయి. అదంతా ముందే వేసుకున్న ప్లాను. కానీ మా వీధి పెద్దాయన, జీవితమంతా పశువుల సంతలో బేరాలు కుదిర్చినవాడు, అసలు కారణం వేరే ఉందని తేల్చేశాడు.

"ఆ చిన్నది దిగలా, చూశావా అబ్బయ్యా? దిగినాక స్టార్ట్ కాకపోతే సామాను యాడ దొరకాల? అద్దంకిలోనా?"

దేశ రక్షణ గురించి ఇంత లోతైన మాట నేను టీవీ చర్చల్లో కూడా వినలేదు.

ఆ చిన్నది హాక్, బ్రిటన్ వాళ్ల శిక్షణ జెట్. కుర్ర పైలట్లకు ఇలాంటిది ఒకటి కావాలని 1982లోనే ఒక కమిటీ చెప్పింది. కొనుగోలు మీద సంతకం పడింది 2004లో. మధ్యలో 22 ఏళ్లు. మా వైపు పిల్ల నచ్చిందని చెప్పడానికి వారం తీసుకుంటేనే అవతలివాళ్లు వేరే సంబంధం చూసుకుంటారు. బ్రిటన్ వాళ్లు మర్యాదస్తులు, ఆగారు. ఆ ఒప్పందంలోని 66 విమానాల్లో 24 అక్కడ తయారయ్యాయి, 42 బెంగళూరులో. 2008లో బీదర్‌లో దళంలో చేరాయి. దాని ఇంజను బ్రిటిషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ కలిసి చేసింది. అంటే అత్తారిళ్లు రెండు.

విమానం కొనడం ఒక ఎత్తు, దాన్ని నడిపించుకోవడం ఇంకో ఎత్తు అని నాకు నేర్పింది రక్షణ నిపుణులు కాదు, మా బావమరిది. కోవూరు వైపు ఆయనకు సెకండ్ హ్యాండ్ చైన్ మిషన్ ఒకటుంది, వరి కోసేది. మొన్న కోతల్లో పట్టపగలు మడి మధ్యలో కర్రుమని ఆగిపోయింది. విప్పి చూస్తే అరచేతిలో ఇమిడే బేరింగు, బంతులు పగిలి గ్రీజులో ఇసుక రేణువుల్లా మెరుస్తున్నాయి. డీలరుకు ఫోన్ చేస్తే "చెన్నై నుంచి రావాలి సార్, రేపు బస్సుకు వేయిస్తా" అన్నాడు. ఆ రేపు మూడు రోజులు నడిచింది. తూర్పున మబ్బు పట్టింది. మిషను నీడలో డ్రైవరు పడుకున్నాడు, రైతు గట్టు మీద కూర్చుని మిషన్ని, మబ్బుని, మా బావమరిదిని వరసగా చూస్తున్నాడు. నాలుగోరోజు రాత్రి షెడ్డులో ఉన్న రెండో మిషను బేరింగు పీకి దీనికి వేశారు. అప్పటి నుంచి ఆ రెండోది మిషను కాదు, స్టోరు రూము.

నవ్వకండి. చాలా దేశాల గాలిదళాల్లోనూ జరిగేది ఇదే. పది విమానాలు కొంటారు, కొన్నేళ్లకు నాలుగు ఎగురుతాయి, మిగతా ఆరు ఆ నాలుగింటికి అవయవదానం చేస్తూ షెడ్డులో ఉంటాయి. పైగా అక్కడి డీలర్లు ప్రభుత్వాలు, వాళ్లకు అలకలు కూడా ఉంటాయి. జింబాబ్వే 1980ల్లో బ్రిటన్ దగ్గర హాక్‌లు కొన్నది. కొత్తవి వచ్చీరాగానే 1982లో ఎవరో బేస్‌లోకి దూరి బాంబులు పెట్టారు, అది వేరే కథ. 2000లో రెండు ప్రభుత్వాలకూ చెడింది, బ్రిటన్ విడిభాగాలు ఆపేసింది. జింబాబ్వే 2005లో చైనా వాళ్ల కె-8 జెట్లు తెచ్చుకుంది. కొత్త డీలరు, కొత్త ఫోన్ నంబరు.

మలేషియాది మరీ మన ఊరి కథ. మా పొలాల్లో రాత్రికి రాత్రి బోరు మోటార్లు పోతాయి కదా, వాళ్ల ఎయిర్ బేస్ నుంచి 2007లో రెండు ఎఫ్-5 జెట్ ఇంజన్లు పోయాయి. సంగతి బయటికి పొక్కింది 2009లో. ఆచూకీ దక్షిణ అమెరికాలో, ఉరుగ్వేలో తేలింది! మన దొంగలు రాగితీగ కోసం ట్రాన్స్‌ఫార్మర్ విప్పి పక్క మండలం దాటలేక దొరికిపోతుంటారు. శిక్షణ లోపం, ఇంకేం చెప్పను.

మనమేమీ తక్కువ తినలేదు. మన ధ్రువ్ హెలికాప్టర్లు ఏడు ఈక్వెడార్ కొంటే నాలుగు కూలాయి. కొన్నింటికి పైలట్ల తప్పని మనం, పార్టులు సరిగా అందలేదని వాళ్లు. 2015లో కాంట్రాక్టు రద్దయింది. చెన్నై డీలరును తిట్టిన నోటితోనే ఇదీ ఒప్పుకోవాలి.

ఎగుమతంటే ఎలా ఉండాలో మా జిల్లాను చూసి నేర్చుకోండి. ఒంగోలు గిత్తలు బ్రెజిల్ వెళ్లాయి. మాన్యువల్ లేదు, వారంటీ లేదు, ఇక్కడి నుంచి ఇంజనీర్లు వెళ్లలేదు. పేరు మాత్రం నెలోర్ అని పెట్టుకున్నారు, ఒంగోలు వాళ్లకు ఆ బాధ ఇంకా ఉంది. ఇవాళ అక్కడివి కోట్లలో ఉన్నాయి. వియాటినా-19 అనే ఒక్క ఆవుకు దాదాపు 40 కోట్ల రూపాయల విలువ కట్టారు. తన విడిభాగాలు తనే కనే సరుకు ఇంకెవరు అమ్మారు? అదే బ్రెజిల్ తర్వాత టుకానో అనే శిక్షణ విమానం చేసింది. హాక్‌లు అమ్మే బ్రిటన్ కూడా దాని లైసెన్సు తీసుకుని ఏళ్ల తరబడి తన పైలట్లకు దాని మీదే నేర్పింది. ఇందులో మా గిత్తల పాత్ర మీద విచారణ జరగాలి.

ఇదంతా మా పెద్దాయనకు చెప్పి, మరి హాక్‌ను సంతకు తోలుకొస్తే ఎంతకు బేరం చేస్తావని అడిగాను. ఆయన సరదాపడి, సంతలో వేళ్లు నొక్కి ధర చెప్పుకునేటట్టే, తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు. పళ్లు బాగున్నాయా అన్నాడు, బాగున్నాయన్నాను. సుడులు? లేవు. నడక? ఆకాశమే. నా వేళ్లు రెండు పట్టుకుని నొక్కాడు, మూడోదాని మీదికి వెళ్లబోతూ ఆగాడు.

"మేత యాడ నుంచి రావాల?"

"ఇంగ్లండు నుంచి."

తువ్వాలు కింద నా చెయ్యి వదిలేశాడు.