తీసేస్తారన్న భయంతో ముందే రాజీనామా చేయాలా?

అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్ళ ఫోన్లలో ఒక సందేశం తెగ తిరుగుతోంది. “తప్పు చేశావని కంపెనీ తీసేస్తే నిరుద్యోగ భృతి రాదు. హెచ్‌ఆర్ రాసిందే వేదం. అది మన జీతంలో కోసుకున్న డబ్బే కాబట్టి, వాళ్ళు తీసేయకముందే రాజీనామా చేసి దర్జాగా తీసుకోండి” అని. రాసినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు, పాటించినవాళ్ళు మాత్రం నిండా మునుగుతారు.

తీసేయడానికి కారణం ఉండటం వేరు, భృతి ఆపేంత దుష్ప్రవర్తన ఉండటం వేరు. ఈ తేడాను విస్కాన్సిన్ సుప్రీంకోర్టు 1941లోనే బాయింటన్ క్యాబ్ కేసులో తేల్చింది. యజమాని ప్రయోజనాలను బుద్ధిపూర్వకంగా కాలరాస్తే అది దుష్ప్రవర్తన. పని సరిగా చేతకాకపోవడం, ఎప్పుడో ఒకసారి ఏమరుపాటు, సదుద్దేశంతో తీసుకున్న నిర్ణయం బెడిసికొట్టడం ఆ కిందికి రావు. అనేక రాష్ట్రాలు ఈ నిర్వచనాన్నే అందిపుచ్చుకున్నాయి. సాయంత్రం గల్లాపెట్టెలో 40 డాలర్లు తగ్గాయనుకోండి. చిల్లర తప్పు లెక్కపెట్టిన క్యాషియర్‌నూ, జేబులో వేసుకున్న క్యాషియర్‌నూ కంపెనీ ఒకేలా ఇంటికి పంపవచ్చు. భృతి విషయంలో మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టరు. అలాగని అన్ని చోట్లా ఇదే ఉదారత ఉండదు. అదే విస్కాన్సిన్ 2014 నుంచి, దుష్ప్రవర్తన కాని కొన్ని తప్పులకు కూడా భృతి ఆపుతోంది. మీ రాష్ట్ర నిబంధన చదవక తప్పదు.

హెచ్‌ఆర్ మాట వేదం కాదు, ఒక పక్షం వాదన మాత్రమే. నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వ విభాగం. భృతి పొందేవాళ్ళు పెరిగితే ఈ భృతి కోసం కంపెనీ కట్టే పన్ను రేటు పెరగవచ్చు, అందుకే కొన్ని కంపెనీలు ప్రతి దరఖాస్తుకూ అడ్డు చెబుతాయి. దుష్ప్రవర్తన జరిగిందని రుజువు చేయాల్సింది కూడా కంపెనీయే. విచారణలో అడిగే ప్రశ్నలు సూటిగా ఉంటాయి: చివరిసారి ఏం జరిగింది? ఆ నియమం మీకు తెలుసా? ముందు హెచ్చరించారా? ఫైలు చూసి చదివే హెచ్‌ఆర్ అధికారి మాటకు, కళ్ళారా చూసిన సూపర్‌వైజర్ మాటకున్నంత బరువు ఉండదు.

జీతంలో కోతంటారా? ఉద్యోగుల నుంచి ఈ పన్ను వసూలు చేసేవి అలాస్కా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మాత్రమే. మిగతా చోట్ల కట్టేది యజమానే.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రాజీనామా సలహా. మీరే మానేస్తే, మానడానికి తగిన కారణం ఉందని రుజువు చేసే భారం మీ నెత్తిన పడుతుంది. “తీసేస్తారేమో అనిపించింది” అంటే సాధారణంగా చెల్లదు. రాజీనామా ఇస్తావా, తీసేయమంటావా అని కంపెనీ నిలదీసిందని చూపగలిగితే, చాలా రాష్ట్రాలు దాన్ని తొలగింపుగానే పరిగణిస్తాయి. అది చూపలేకపోతే ఆ రాజీనామా పత్రమే మీకు ఎదురు సాక్ష్యం. అప్పుడు కాలిఫోర్నియాలో మళ్ళీ అర్హత రావాలంటే వారపు భృతికి 5 రెట్లు, న్యూయార్క్‌లో 10 రెట్లు కొత్త పనిలో సంపాదించాలి. ఇక దరఖాస్తులో అబద్ధం రాసి దొరికితే, తీసుకున్నదంతా తిరిగి కట్టడమే కాకుండా కనీసం 15 శాతం జరిమానా.

తిరస్కరణ లేఖ వస్తే ముందు దానిపై తేదీ చూడండి. అప్పీలుకు టెక్సాస్‌లో గడువు 14 రోజులు, కాలిఫోర్నియాలో 30. అప్పీలు నడుస్తున్నన్నాళ్ళూ ఇంకా పని దొరకలేదని, వెతుకుతున్నానని వారం వారం ఇవ్వాల్సిన ధ్రువీకరణ ఆపకండి. గెలిచినా, ధ్రువీకరించని వారాలకు డబ్బు రాదు.