పటం మీది లంగరు గుర్తు గారికి

మహారాజశ్రీ లంగరు గుర్తు గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. పడవ కూడా ఇంచుమించు క్షేమమే. పటం మీద మీరు ఎప్పటిలాగే నిటారుగా, ఎంత గాలి వీచినా ఒక్క మిల్లీమీటరు కూడా జరగకుండా ఉన్నారని తెలుసు. మా లంగరుకి ఆ విద్య రాలేదు.

మన పరిచయం బల్ల దగ్గర మొదలైంది. పగడపు దిబ్బల మధ్య పద్నాలుగు రోజుల తెరచాప పడవ యాత్రకి పటం పరిచి, పెన్సిల్ చెక్కి కూర్చున్నాను. ఇక్కడ లంగరు వేసుకోవచ్చని చెబుతూ మీరు కనిపించిన చోటల్లా సున్నా చుట్టాను. పదకొండు సున్నాలు తేలాయి. సున్నాకీ సున్నాకీ మధ్య స్కేలు పెట్టి గీత, గీత మీద మైళ్లు, మైళ్ల పక్కన గంటలు. రోజూ సాయంత్రం ఐదుకి చేరతాం, లంగరు వేస్తాం, ఈత కొడతాం, సూర్యాస్తమయం చూస్తాం. మా ఆవిడ అంతా చదివి, "గాలి ఏ రోజు ఎటు నుంచో ఇందులో ఎక్కడుంది?" అంది. అది వేరే షీట్‌లో ఉందన్నాను. వేరే షీట్ లేదు.

ముందు ఆ ఐదు గంటల సంగతి తేలుద్దాం. పగడాల మధ్య పడవ నడిపేది కళ్లతో. ముదురు నీలం అంటే లోతు, లేత ఆకుపచ్చ అంటే ఇసుక మీద తక్కువ నీళ్లు, గోధుమరంగు కనపడితే చుక్కాని తిప్పాలి, పసుపుకి తిరిగితే అప్పటికే ఆలస్యం. అయితే ఈ రంగులు ఎండ నెత్తిమీదో వీపు వెనకో ఉన్నప్పుడే కనిపిస్తాయి. ఇంచుమించు పదింటి నుంచి రెండింటి దాకా మాత్రమే తెరిచి ఉండే కౌంటర్ అన్నమాట. ఐదింటికి పడమటి వైపు వెళ్లేవాడికి సముద్రమంతా ఒకే పళ్లెంలా మెరుస్తుంది. ఆ మెరుపు కింద ఏముందో అడుగు తగిలాక తెలుస్తుంది. ఈ పనివేళలు మీ పక్కన ఎక్కడా రాసిలేవు. మేఘం నీడ పడితే అది కూడా దిబ్బలాగే కనిపిస్తుంది. అలాంటి రెండు నీడల్ని తప్పించుకుంటూ నేను చేసిన విన్యాసాలు పడవ ముందు భాగంలో నిలబడి చేతులూపుతున్న మా ఆవిడకి ఇప్పటికీ నవ్వు తెప్పిస్తాయి.

ఇక అటోల్, అంటే ఉంగరంలా చుట్టుకున్న పగడపు దిబ్బ, లోపల కొలువైన మీ అన్నదమ్ములు. పసిఫిక్‌లోని తువామోటు దీవుల్ని 1768లో చూసిన ఫ్రెంచి నావికుడు బుగాన్విల్ ప్రమాదకర ద్వీపసమూహం అని పేరు పెట్టి, లోపలికి వెళ్లే ఆలోచన పెట్టుకోకుండా తన దారిన పోయాడు. తెలివైనవాడు. నేను మాత్రం దిబ్బ లోపలి మడుగు, అంటే లగూన్ మధ్యలో మిమ్మల్ని చూసి, దిబ్బలో ఉన్న సన్నటి సందు గుండా నేరుగా గీత గీసేశాను. ఆ సందు లగూన్‌కి గుమ్మం. పోటుకి నీళ్లు లోపలికి, పాటుకి బయటికి పరుగెడతాయి, మధ్యలో కాసేపు నిలకడగా ఉంటాయి. ఆ కాసేపట్లో దాటేయాలి. సరే, ఆటుపోట్ల పట్టిక చూసుకుంటే చాలనుకున్నాను. గాలి తగిలే వైపు పెద్ద అలలు దిబ్బ పైనుంచి లగూన్‌లోకి నీళ్లు నింపుతూనే ఉంటాయట. నిండిన నీరు బయటికి పోవడానికి ఉన్నది ఆ గుమ్మమే కాబట్టి పట్టిక పోటు అన్న వేళ కూడా అక్కడ పాటే నడుస్తుంటుంది. ఇంజన్ పూర్తి వేగంతో అరుస్తుంటే, ఒడ్డున ఒకే కొబ్బరిచెట్టుని పక్కనే పెట్టుకుని ఎంతసేపు నిలబడ్డామో చెప్పను.

అసలు మిమ్మల్ని అక్కడ నిలబెట్టింది ఎవరు? ఈ ప్రశ్న బల్ల దగ్గర రాలేదు, మూడో రోజు వచ్చింది. ఎలక్ట్రానిక్ పటాల్లో ప్రతి ప్రాంతం కొలతలకీ ఒక విశ్వసనీయత గ్రేడు ఉంటుంది, దాన్ని నక్షత్రాలతో చూపిస్తారు. ఆరు నక్షత్రాలైతే తక్కువ లోతు నీళ్లలో స్థానంలో తేడా ఇంచుమించు 5 మీటర్లే. మూడు నక్షత్రాలని చూసి నేను మూడు నక్షత్రాల హోటల్ అనుకుని సంతోషించాను. అంటే ఆ లోతు రాసిన చోటు అటో ఇటో 500 మీటర్లు జరిగి ఉండొచ్చని అర్థం. పగడపు దీవుల చుట్టూ చాలా చోట్ల ఇంతకంటే తక్కువ గ్రేడే. తాడుకి సీసం గుండు కట్టి లోతు చూసి, ఆకాశంలో నక్షత్రాల్ని చూసి స్థానం లెక్కకట్టిన కాలం నాటి కొలతలు అవి. గుండు పడ్డ చోట లోతు నిజం, పక్కనున్న పగడపు బండ సంగతి గుండుకి తెలియదు. జీపీఎస్ చూస్తే మా పడవ ఒక దీవి మీద, చెట్ల మధ్యలోంచి నడుస్తోంది. చుట్టూ చూస్తే నీళ్లే. మీ విగ్రహం సంగతి కూడా చూద్దాం. 1:50,000 స్కేలు పటం మీద మీరు 5 మిల్లీమీటర్ల ఎత్తున్నారనుకుంటే, నిజంలో అది 250 మీటర్లు. ఆ 250 మీటర్లలో మా లంగరు ఎక్కడ దించాలన్నది మీ కాళ్ల దగ్గరా, తల దగ్గరా?

సీసం గుండు మీద నాకు కోపం లేదు. 1770 జూన్ 11 రాత్రి, వెన్నెల్లో, ఇప్పుడు గ్రేట్ బారియర్ రీఫ్ అంటున్న చోట ఇంగ్లీషు నావికుడు జేమ్స్ కుక్ ఓడ ఎండెవర్ ఆ గుండుతోనే లోతు చూసుకుంటూ వెళ్లింది. 17 ఫాదమ్‌లు, అంటే 31 మీటర్లు. రెండోసారి గుండు వేసేలోపే ఓడ దిబ్బెక్కింది. ఫిరంగులతో సహా టన్నుల కొద్దీ బరువు సముద్రంలో పడేస్తే, ఒక రోజంతా అయ్యాక గానీ కదల్లేదు. తర్వాత చూస్తే, చిల్లి పెట్టిన పగడం ముక్కే విరిగి ఆ చిల్లికి బిరడాలా ఇరుక్కుని ఓడని కాపాడిందట. మా కష్టాలు మొదలైంది ఇక్కడే అని, దగ్గర్లో సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేలకి ఆయన కేప్ ట్రిబ్యులేషన్ అని పేరు పెట్టాడు. ఆయన దగ్గర పటం లేదు, అందుకు క్షమించవచ్చు. 2014 నవంబర్ 29న మారిషస్‌కి చెందిన కార్గాడోస్ కరాజోస్ దిబ్బల మీదికి వెస్టాస్ విండ్ అనే పందెపు పడవ చీకట్లో ఎక్కేసింది. వాళ్లది అనుభవజ్ఞులైన బృందం, చేతిలో ఉన్నది ఎలక్ట్రానిక్ పటం. జూమ్ పెంచితే గానీ దిబ్బ కనపడదు, ఆ చోట వాళ్లు జూమ్ పెంచలేదు. ప్రాణాలతో అందరూ బయటపడ్డారు.

ఇప్పుడు నా ఫిర్యాదు, అంటే అసలు ఉత్తరం.

ఐదో రాత్రి మీరు చూపిన చోటే ఆగాం. 12 మీటర్ల లోతు, 60 మీటర్ల గొలుసు వదిలాం, ఐదింతలు. ఆగ్నేయం నుంచి గాలి, దిబ్బ అడ్డు, నీళ్లు చెరువులా ఉన్నాయి. ప్లాన్‌లో టిక్కు కూడా పెట్టాను. అర్ధరాత్రి దాటాక గాలి ఉత్తరానికి తిరిగింది, తర్వాత పడమరకి. పడవ కూడా తిరిగింది, గొలుసు కూడా, గొలుసు దారిలో ఉన్న పగడపు బండలు మాత్రం తిరగలేదు. తెల్లారేసరికి గొలుసు ఒక బండకి రెండు చుట్లు చుట్టుకుని, మాకు మిగిలింది పదిహేను మీటర్లు. అల లేచినప్పుడల్లా పడవ ముక్కుకి ఒక కుదుపు. వెనక, నిన్నటిదాకా మాకు అడ్డుగా ఉన్న దిబ్బే ఇప్పుడు మేం కొట్టుకుపోతే తగిలే చోటైంది. ఎండ పైకొచ్చేదాకా కదల్లేం, టెన్షన్‌తో కూర్చున్నాం. పదింటికి మా ఆవిడ కళ్లకి మాస్క్ పెట్టుకుని నీళ్లలోకి దిగింది. "ఎడమకి తిప్పు" అని అక్కడి నుంచి కేక. "ఎవరి ఎడమ?" అని ఇక్కడి నుంచి నేను. చుట్లు విప్పడానికి గంటన్నర పట్టింది. గొలుసు మధ్యమధ్య తేలుబుడ్లు కట్టి దాన్ని అడుగు నుంచి ఎత్తి ఉంచితే ఈ గోల ఉండదని, ఆ దీవుల్లో తిరిగేవాళ్లు ముత్యాల సాగు నుంచి కొట్టుకొచ్చిన బుడ్లు ఏరి వాడతారని తర్వాత తెలిసింది.

పైకొచ్చాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. గొలుసు రాపిడికి ఆ బండ పగడం ఒక వైపు జానెడు మేర తెల్లగా చెక్కుకుపోయిందట. అలాంటివి ఏడాదికి ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. ఆస్ట్రేలియాలోని విట్సండే దీవుల్లో ఇందుకే కొన్ని చోట్ల తెల్లటి పిరమిడ్ తేలుగుర్తులు వరసగా పెట్టారు, ఆ వరస దాటి దిబ్బ వైపు లంగరు వేయకూడదు, పడవ కట్టుకోవడానికి వేరే తేలుబుడ్లు, బోయాలు, ఉన్నాయి. అవి కూడా గుర్తులే, మీ జాతివే. కాకపోతే ఎండలో వానలో నీళ్ల మీద నిలబడి మరీ చెబుతున్నాయి.

పదకొండు సున్నాల్లో మేం చేరింది నాలుగు. మిగతా రోజులు గాలి కోసమో, ఎండ కోసమో, ధైర్యం కోసమో ఎదురుచూస్తూ ఉన్నచోటే గడిచాయి. చెప్పొద్దూ, ఆ ఎదురుచూసిన రోజులే బాగున్నాయి.

మళ్లీ ఏడాది యాత్రకి పటం పరిచాను. దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం కాబట్టి జూన్ పెట్టుకున్నాం. ఈసారి నాలుగే సున్నాలు, ప్రతిదాని పక్కన ఏ గాలికి పనికొస్తుందో, ఏ గాలికి పారిపోవాలో, పారిపోతే పగటిపూట ఎక్కడికో రాశాను. మా ఆవిడ చూసి తలూపింది. ఆమె అటు వెళ్లగానే, సన్నటి సందు అవతల, రెండు నక్షత్రాల నీళ్లలో మీరు మళ్లీ కనిపించారు. చేతిలో పెన్సిల్ ఉంది, చుట్టేశాను. ఇప్పుడు రబ్బరు కోసం వెతుకుతున్నాను, దొరకడం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు