రాత్రికి ఎంత?

మాడ్రిడ్‌లో నేనుండేది ఐదో అంతస్తు, మా ఓనరమ్మ రెండో అంతస్తు. ఆవిడకి డెబ్బై దాటాయి గానీ చెవులకి పాతికేళ్ళే. లిఫ్టు ఏ అంతస్తులో ఎంతసేపు ఆగిందో మంచం మీంచే చెప్పగలదు. అమ్మా నాన్నా, పిన్నీ బాబాయ్ వేసవికి వస్తున్నారని ముందే చెప్తే మర్యాదగా ఉంటుందనుకున్నాను. స్పానిష్ నిఘంటువు తెరిచి, అతిథికి మొదట కనబడిన మాట పట్టుకుని వాట్సాప్‌లో పెట్టాను: "శనివారం నలుగురు వేస్పెదెస్ వస్తున్నారు. ఇంకో జత తాళంచెవులు ఇప్పిస్తారా?"

రెండు నిమిషాల్లో బెల్లు మోగింది. లిఫ్టు కోసం కూడా ఆగినట్టు లేదు, ఆయాసపడుతోంది.

"రాత్రికి ఎంత?" అంది.

ఎంతమంది అని కాబోలనుకుని, "నలుగురు, ఇరవై రాత్రులు" అన్నాను సంతోషంగా.

ఆవిడ మొహం పండుమిరపకాయ అయింది. "పీసో తురీస్తికో!" అని అరిచింది. అంటే టూరిస్టులకి రోజువారీ అద్దెకిచ్చే ఫ్లాటు. అక్కడ ఆ మాట అనడమంటే మన అపార్ట్‌మెంట్ మీటింగులో పార్కింగ్ ఊసెత్తినట్టే. 2025 ఏప్రిల్ నుంచి కొత్తగా అలాంటిది పెట్టాలంటే ఆ భవనంలో ఐదింట మూడు వంతుల ఓనర్లు ఒప్పుకోవాలి. నేనేమో అద్దెకుంటూ, అదనపు తాళంచెవులు అడుగుతూ, బేరం కుదిరినట్టు నవ్వుతూ నిలబడ్డాను.

నిఘంటువు అబద్ధమాడలేదు. ఒకరింట్లో దిగిన మనిషి ఎవరైనా వేస్పెద్ (బహువచనమైతే వేస్పెదెస్). కానీ మామూలు చెవికి ఆ మాట వినగానే హోటలూ, రిసెప్షనూ, బిల్లూ గుర్తొస్తాయి. పైగా జీవశాస్త్రంలో, కడుపులో నులిపురుగుల్ని మోసే జంతువుని కూడా వేస్పెద్ అనే అంటారట. లాటిన్‌లో దీని మూలపదానికి ఇంటాయనా, ఇంటికొచ్చినాయనా ఇద్దరూ అర్థాలే. ఎవరు ఎవర్ని తింటున్నారో తేల్చకుండానే వదిలేశారన్నమాట పెద్దలు.

చివరికి నన్ను కాపాడింది పోలీసులు. మావాళ్ళ వీసా కోసం అంతకు ముందే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి 'కార్తా దె ఇన్బితాసియోన్', అంటే ఆహ్వానపత్రం, తీసుకున్నాను. మనం శుభలేఖకి పసుపు రాస్తాం, వాళ్ళు ఆహ్వానానికి పోలీసు ముద్ర వేస్తారు. ఫోన్‌లో దాని ఫొటో చూపించాక ఆవిడ చల్లబడి, నా సోఫాలోనే కూర్చుని పాఠం చెప్పింది. డబ్బిచ్చి పడుకునేవాడు వేస్పెద్. పిలిస్తే వచ్చేవాడు ఇన్బితాదో. పిలిచినా పిలవకపోయినా ఇంటికొచ్చి కూర్చునేది బిసీతా. ఈ బిసీతా ఎంతమందైనా ఏకవచనంలోనే చెప్పేయొచ్చు, పైగా స్త్రీలింగం. మా బాబాయ్ మీసాలకి కూడా మినహాయింపు లేదు.

కొత్త మాట చేతికొచ్చాక ఊరుకుంటామా! శుక్రవారం ఆఫీసులో "కింద బార్‌కి పోదాం, ఓస్ ఇన్బీతో" అన్నాను. మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాను అని నా ఉద్దేశం. వాళ్ళకి వినపడింది "బిల్లు నాది" అని. ఎప్పుడూ ముగ్గురికి మించి రానివాళ్ళు పదకొండుమంది వచ్చారు. డైటింగ్‌లో ఉన్నానంటూ ఆపిల్ ముక్కలు కొరికే అమ్మాయి ఆక్టోపస్ రెండో ప్లేటు చెప్పింది. మేనేజరు మొదటిసారి నా భుజం మీద చెయ్యేశాడు. 143 యూరోలు. మన దగ్గర "టీ తాగుదాం పద" అన్నవాడు కౌంటర్ దగ్గర షూ లేసు కట్టుకునే వెసులుబాటైనా ఉంటుంది.

మావాళ్ళొచ్చి పదిహేను రోజులైంది. లిఫ్టులో నేనూ బాబాయూ ఉండగా ఓనరమ్మ ఎక్కింది. బాబాయ్‌ని ఎగాదిగా చూసి నవ్వుతూ ఒక సామెత చెప్పింది: వేస్పెదూ చేపా మూడో రోజుకి వాసనేస్తాయట. నన్ను వాడొద్దని చెప్పిన మాటే తను వాడేసింది!

"ఏమంటోందిరా?" అన్నాడు బాబాయ్.

"చేపలంటే ఇష్టమా అని అడుగుతోంది, బాబాయ్."

"అయ్యో, భలేదానివమ్మా! ఒరేయ్, ఆదివారం మీ పిన్ని చేత పులుసు పెట్టిద్దాం. భోజనానికి రమ్మను."

ఈసారి జాగ్రత్తగా ఇన్బితాదా అన్నాను, స్త్రీలింగం కూడా సరిచూసుకుని. ఆవిడ నిజంగానే మురిసిపోయింది. ఆదివారం సరిగ్గా రెండున్నరకి బెల్లు మోగింది. తలుపు తీస్తే ఓనరమ్మ, ఆవిడ ఇద్దరు చెల్లెళ్ళు, ఒక మరిది. ఆ మిగతా ముగ్గురినీ ఏమనాలో నేను అడగలేదు. పిన్ని మాత్రం వంటింట్లోంచి తొంగిచూసి, పులుసులో ఇంకో రెండు గ్లాసుల నీళ్ళు పోసింది.