గర్భకాల విచారణ న్యాయస్థానం: కొన్ని సవరణ ప్రతిపాదనలు

హైదరాబాదు నగరంలో న్యాయస్థానాలకు కొరత లేదు. మూసీ ఒడ్డున 1920లో ప్రారంభమైన హైకోర్టు భవనం ఉంది, నాంపల్లిలో క్రిమినల్ కోర్టులు ఉన్నాయి. అయితే వీటన్నిటికంటే వేగంగా తీర్పు చెప్పే న్యాయస్థానం ఒకటి కూకట్‌పల్లి మొదలు దిల్‌సుఖ్‌నగర్ దాకా ఏ అపార్ట్‌మెంటులోనైనా, టీవీ ఉన్న హాలులో, కొలువుదీరగలదు. ఇంట్లో పిల్లవాడికి రెండేళ్ళు నిండినా మాటలు రాకపోతే, పేరు పెట్టి పిలిస్తే తల తిప్పకపోతే, బొమ్మకారును నడపకుండా దాని చక్రాన్ని మాత్రమే గంటల తరబడి తిప్పుతూ కూర్చుంటే, అంటే ఆటిజం అనే ఎదుగుదల తేడా లక్షణాలు కనబడితే, ఆ పై ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే విచారణ మొదలవుతుంది. ముద్దాయి ఎవరన్న విషయంలో ఈ న్యాయస్థానం చరిత్రలో ఎన్నడూ భేదాభిప్రాయం రాలేదు. ముద్దాయి తల్లి. తేలవలసిందల్లా ఆ తొమ్మిది నెలల్లో ఆమె చేసిన నేరం ఏమిటన్నదే.

ఇంతటి సంస్థ ఏ నియమావళీ లేకుండా, ఎవరి గొంతు పెద్దదైతే వారి మాట చెల్లుబాటవుతూ నడవడం రాజధాని నగరానికి శోభనివ్వదని భావించి, సంస్కరణల కోసం ఈ ప్రతిపాదనలను సవినయంగా పెద్దల ముందుంచుతున్నాను.

ముందుగా ప్రస్తుత విధానాన్ని పరిశీలిద్దాం. 2022 అక్టోబరు 25న, దీపావళి మర్నాటి సాయంత్రం, హైదరాబాదులో పాక్షిక సూర్యగ్రహణం కనిపించింది. ఆ వేళ అయిదో నెల గర్భంతో ఉన్న ఒక కోడలిని, ఇప్పుడు మూడేళ్ళు దాటిన ఆమె కొడుకు విషయంలో, అత్తగారు ఇలా ప్రశ్నించారని అనుకుందాం. "నేను చిలక్కి చెప్పినట్టు చెప్పానమ్మా, మంచం మీద వెల్లకిలా పడుకో, కదలకు అని. నువ్వు లేచి ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నావు." దానికి కోడలు, "ఆ రోజు రిలీజ్ ఉంది అత్తయ్యా, సెలవు ఇవ్వలేదు," అంటుంది. సభ దీన్ని నేరాంగీకారంగా నమోదు చేసుకుంటుంది. వెంటనే పినత్తగారు లేచి, తమ చిన్నమ్మాయి ఆ గ్రహణం పూట కర్రలా బిగుసుకుని పడుకుందనీ, వాళ్ళ పాప ఇప్పుడు నర్సరీలో శ్లోకాలు అప్పజెబుతోందనీ వాంగ్మూలం ఇస్తారు. ఆ సాయంత్రం నగరంలోని గర్భిణులందరి నెత్తిమీదా ఉన్నది అదే సూర్యుడు కదా, అందరి పిల్లలూ ఇలాగే లేరేమని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న అసంగతమని కొట్టివేయబడుతుంది. సాధారణంగా అలా అడిగేది ఇంటర్ చదివే మరిది.

గ్రహణం నిలబడకపోతే బొప్పాయి ఉంది. బొప్పాయి నిలబడకపోతే ఫోను, నైట్ షిఫ్టు, ఏసీ, ఎక్కువసార్లు తీయించుకున్న స్కానింగు, ఏడుపు సీరియళ్ళు, ఆరో నెలలో పుట్టింటికి ఆర్టీసీ బస్సులో వెళ్ళడం, అన్నీ వరుసలో నిలబడి ఉంటాయి. ఒక ఆరోపణ వీగిపోయినంత మాత్రాన ముద్దాయి విడుదల కావడమనేది ఈ న్యాయశాస్త్రంలో లేదు. సెక్షను మాత్రమే మారుతుంది.

పూర్వ తీర్పుల విషయానికి వస్తే, ఈ న్యాయస్థానానికి పురాణాల బలం కొండంత ఉంది. అభిమన్యుడు పద్మవ్యూహంలో మరణించినప్పుడు, ఒంటరి కుర్రవాణ్ణి చుట్టుముట్టిన మహారథుల కంటే, కథ వింటూ మధ్యలో నిద్రపోయిన సుభద్రనే మన వాళ్ళు ఎక్కువగా తలచుకుంటారు. నెలలు నిండుతున్న మనిషికి రాత్రిపూట నిద్ర రావడం ఇతిహాసంలో కూడా క్షమార్హం కాలేదు. ఇదే పురాణాల్లో మరొక కేసు ఉంది. భార్య కడుపులోని శిశువు తన వేదపఠనంలో తప్పు పట్టాడని కోపించి, ఎనిమిది వంకరలతో పుట్టమని శపించిన కహోడుడు అష్టావక్రుడి తండ్రి. గర్భకాలంలో తండ్రి వల్ల బిడ్డకు కీడు జరిగిందని ఇంత స్పష్టంగా రికార్డయిన కేసు మరొకటి లేకపోయినా, నగరంలోని ఏ హాలులోనూ దీన్ని ఉదహరించినట్టు దాఖలా లేదు.

విదేశీ తీర్పులు కూడా మనకు అనుకూలమే. అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజాన్ని మొదటిసారి వివరంగా నమోదు చేశాడు. ఇది పుట్టుకతో వచ్చిన స్థితి అని ఆ వ్యాసంలోనే రాశాడు. అదే కలంతో ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత గలవారు తక్కువని కూడా రాశాడు. లోకం మొదటి వాక్యాన్ని మరిచిపోయి రెండోదాన్ని పట్టుకుంది. తల్లి మనసు రిఫ్రిజిరేటర్‌లా చల్లబడిపోవడం వల్లే బిడ్డ లోపలికి ముడుచుకుపోయాడనే సిద్ధాంతం సుమారు రెండు దశాబ్దాలు రాజ్యమేలింది. షికాగోలో ఇలాంటి పిల్లల బడి నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1967 నాటికి కూడా ఈ పిల్లల స్థితిని నాజీ శిబిరాల్లోని ఖైదీల స్థితితో పోల్చాడు. ఆ లెక్కన కాపలాదారు ఎవరో విడిగా చెప్పనక్కరలేదు. కూకట్‌పల్లి అత్తగారిని వెనకబడిన మనిషి అనేవారు గమనించవలసిందేమంటే, ఆమె చెబుతున్నది ఒకప్పుడు విశ్వవిద్యాలయాల్లో పాఠంగా చెప్పిన విషయమే.

ఈ సుఖాన్ని చెడగొట్టినవారు కవలలు. 1977లో సూజన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అనే పరిశోధకులు బ్రిటన్‌లో 21 కవల జంటలను పరిశీలించారు. ఒకే అండం నుంచి పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది; వేరు వేరు అండాల నుంచి పుట్టిన 10 జంటల్లో ఒక్కదానిలోనూ ఇద్దరికీ లేదు. రెండు రకాల జంటలూ ఒకే కడుపులో, ఒకే గ్రహణాల కింద, ఒకే ఆహారంతో పెరిగినవే. తేడా అల్లా, మొదటి రకం జంటల్లో ఇద్దరి జన్యువులూ ఒకటే. 2019లో డెన్మార్క్, స్వీడన్, ఫిన్లాండ్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాలలో 20 లక్షల మందికి పైగా పిల్లల వివరాలను విశ్లేషించి, ఆటిజం రావడంలోని తేడాలకు దాదాపు 80 శాతం వారసత్వమే ఆధారమని లెక్క కట్టారు. తల్లి శరీరస్థితి వల్ల ప్రత్యేకంగా కలిగే ప్రభావం అందులో లేదన్నంత స్వల్పంగా తేలింది.

వారసత్వం అనగానే సభలో కుర్చీలు జరుగుతాయి, ఎందుకంటే అందులో సగం వాటా పెళ్ళికొడుకు వారిది. పైగా 2012లో ఐస్‌లాండ్ కుటుంబాలపై జరిగిన అధ్యయనంలో, తండ్రి వయసు ఒక్కో ఏడూ పెరిగేకొద్దీ బిడ్డకు సుమారు రెండు కొత్త జన్యు మార్పులు అదనంగా అందుతాయని తేలింది. వీర్యకణాలు జీవితాంతం కొత్తగా తయారవుతూనే ఉంటాయి కనుక, ప్రతి నకలుతోనూ తప్పులు పోగుపడుతుంటాయి. మొదట అమెరికా, తర్వాత గ్రీన్ కార్డు, ఆ తర్వాత కోకాపేటలో ఫ్లాటు, అన్నీ కుదిరాక ముప్పై ఎనిమిదో ఏట పెళ్ళికి ఒప్పుకున్న వరుని వయసును ఈ న్యాయస్థానం ఎన్నడూ సాక్ష్యంగా స్వీకరించలేదు. విచారణ జరిగినంతసేపూ ఆయన కింద సెల్లారులో కారు పార్కింగు చేస్తూ ఉంటాడు. వయసు మీరిన తండ్రి కూడా ఒక్కో బిడ్డ విషయంలో ముద్దాయి కాజాలడు. ఇవన్నీ లక్షల మందిని కలిపి చూసినప్పుడు కనబడే చిన్న చిన్న తేడాలు. కానీ ఈ మినహాయింపు తల్లికి వర్తించనప్పుడు తండ్రికి ఎందుకు వర్తించాలన్నది నా మొదటి సవరణ: సమన్లు ఇద్దరికీ జారీ కావాలి.

ఇటీవలి కాలంలో న్యాయస్థానానికి ఊహించని దిక్కు నుంచి మద్దతు వచ్చింది. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. అదే నెల 22న అమెరికా అధ్యక్షుడు శ్వేతసౌధంలో నిలబడి, గర్భిణులు పారాసెటమాల్ వేసుకోవద్దని, దానికీ ఆటిజానికీ సంబంధం ఉందని ప్రకటించాడు. మర్నాటికల్లా మన ఫ్యామిలీ గ్రూపుల్లో అది అందరికీ చేరింది. స్వీడన్‌లో 1995 నుంచి 2019 వరకు పుట్టిన సుమారు 24.8 లక్షల మంది పిల్లలపై జరిగి 2024లో వెలువడిన అధ్యయనం మాత్రం ఏ గ్రూపుకూ చేరలేదు. పిల్లలందరినీ కలిపి చూస్తే ఆ మాత్ర వేసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిజం కాస్త ఎక్కువగా కనబడింది. ఒకే తల్లికి పుట్టిన పిల్లల్లో ఒకరి గర్భంలో మాత్ర వేసుకుని మరొకరి గర్భంలో వేసుకోని సందర్భాలను పోల్చేసరికి ఆ తేడా మాయమైంది. అంటే తేడా మాత్రది కాదు, కుటుంబానిది. ఇది అర్థం కావడానికి రెండు నిమిషాలు పడుతుంది గనుక ఫార్వర్డు చేయడానికి అనువైన సరుకు కాదు. నూట మూడు జ్వరంతో వణుకుతున్న గర్భిణికి మాత్ర ఇవ్వకుండా తడిగుడ్డతో సరిపెట్టడం వల్ల కడుపులో బిడ్డకే ముప్పు అన్న సంగతి చెప్పబోయిన డాక్టరమ్మను, "మీకు కంపెనీల వాళ్ళు కమీషన్లు ఇస్తారు లెండి" అనే ఒకే ఒక్క వాక్యంతో సభ నిరుత్తరురాలిని చేయగలదు.

గర్భకాలంలో నిజంగా ప్రభావం చూపేవి లేవా అంటే, ఉన్నాయి. విచిత్రమేమంటే, వాటి మీద ఈ న్యాయస్థానానికి బొత్తిగా ఆసక్తి లేదు. మూర్ఛ వ్యాధికి వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు ఉంది. డెన్మార్క్‌లో 6.5 లక్షల పైచిలుకు పిల్లలపై జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, మొత్తం పిల్లల్లో ఆటిజం వర్గపు స్థితులు 1.53 శాతం ఉంటే, కడుపులో ఉండగా ఈ మందు సోకిన పిల్లల్లో 4.42 శాతం ఉన్నాయి. కనుక మూర్ఛ ఉన్న అమ్మాయి గర్భం రాకముందే నరాల డాక్టరును కలిసి, సొంతంగా మందు మానకుండా, ఆయన సలహాపై వేరే మందుకు మారవలసి ఉంటుంది. ఆ సంభాషణ ఎలా జరుగుతుంది? పెళ్ళిచూపుల్లో మూర్ఛ మాట దాచారు. తర్వాత అత్తారింట్లో ఆ మాత్రను విటమిన్ మాత్రల డబ్బాలో పెట్టుకుని వేసుకుంటోంది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను వివాహం రద్దు చేయడానికి కారణంగా చూపే మాట 1999 సవరణతోనే పోయింది. మన సంబంధాల మాటల్లోంచి ఇంకా పోలేదు. పిల్లవాడి కోసం కొలువుదీరిన పెద్దలే, ఆ పిల్లవాడికి మేలు చేయగలిగిన ఒక్క ప్రశ్నను అడగడానికి వీల్లేని ఇంటిని కట్టి పెట్టారు.

దద్దుర్లతో వచ్చే అంటువ్యాధి రుబెల్లా సంగతి ఇంకా రసవత్తరం. 1964 నాటి అమెరికా రుబెల్లా వ్యాప్తిలో తల్లి కడుపులో ఉండగానే సోకిన 243 మంది పిల్లలను పరీక్షించిన స్టెల్లా చెస్ అనే వైద్యురాలు, 1971లో వారిలో ఆటిజం మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని రాసింది. దీన్ని ఆపడానికి టీకా ఉంది. తెలంగాణలో 2017 ఆగస్టులో బడి పిల్లలకు వేసింది అదే. ఆటిజానికి దారితీయగల ఒక కారణాన్ని అడ్డుకునే టీకానే ఆటిజం తెస్తుందని భయపడి, ఆ వారం పిల్లలను బడి మాన్పించిన తల్లిదండ్రులు కూడా ఉండకపోరు. వారి మీద కేసు లేదు.

కాలపరిమితి విషయంలోనూ మన విచారణ తలకిందులుగా సాగుతోంది. బిడ్డ మెదడుకూ వెన్నుపాముకూ మూలమైన నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర గర్భానికి ముందే మొదలుపెట్టాలని వైద్యులు చెప్పేది అందుకే. 85 వేల మంది నార్వే పిల్లలను పరిశీలిస్తే, ఆ మాత్ర వేసుకున్న తల్లుల పిల్లల్లో ఆటిజం తక్కువగా కనబడిందని 2013 నాటి అధ్యయనం ఒకటి చెబుతోంది. మన ఇళ్ళలో మాత్రం గర్భిణి మీద శ్రద్ధ సీమంతం నాటికి, గాజులు తొడిగే సమయానికి ఉధృతమవుతుంది. నగరంలో వెలసిన గర్భ సంస్కార తరగతులు కూడా వీణానాదం, పద్యాలు, మంచి ఆలోచనలు అంటూ అక్కడి నుంచే రుసుము వసూలు చేస్తాయి. ఏడో నెలలో ఎంత మంచి రాగం వినిపించినా, నాలుగో వారంలోపే జరిగిపోయిన నిర్మాణం దాన్ని విని మనసు మార్చుకోదు.

హైదరాబాదు కూడా ఒక కేంద్రంగా దేశంలోని 5 ప్రాంతాల్లో దాదాపు 4,000 మంది పిల్లలపై జరిగి 2018లో వెలువడిన సర్వే, పిల్లల ఎదుగుదల సమస్యలతో ముడిపడినవిగా చూపినవి వేరు: పురిటి సమయంలో ఊపిరి అందకపోవడం, నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టడం, ఇంట్లో పురుళ్ళు, మెదడుకు సోకే జబ్బులు. ఇందులో బొప్పాయి లేదు. నిందించడానికి కోడలు కూడా సరిపోదు. అంబులెన్సు, నర్సు, పురిటి గది, ఇలా ముద్దాయిల జాబితా ప్రభుత్వం దాకా పోతుంది. హాలులో అంతమందికి సోఫా చాలదు.

వీటన్నిటి మధ్య పిల్లవాడు హాలులోనే ఉంటాడు. తన పేరు ఇంతమంది నోట ఇన్నిసార్లు రావడం అతనికి వినబడదని ఎవరూ రుజువు చేయలేదు. పద్దెనిమిదో నెలలోనూ రెండో ఏటా చిన్న ప్రశ్నావళితో, అనుమానించవలసింది ఉందో లేదో చూసుకోవచ్చు. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధోపరమైన వైకల్యాల కోసం 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు ఉంది. కానీ "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాటలు వచ్చాయి, తొందరేముంది" అనే ఒక్క వాక్యంతో కేసు ఏడాది వాయిదా పడుతుంది. ఇదే నాన్నగారి వారసత్వం ఇంతకుముందు సాక్ష్యంగా పనికిరాలేదన్న సంగతి రికార్డులో ఎవరూ వెతకరు.

కాబట్టి నా ఆఖరి సవరణ కోర్టు ఫీజుకు సంబంధించినది. ఇకపై ఆరోపణ చేసే ప్రతి బంధువూ, నోరు తెరిచే ముందు, పిల్లవాణ్ణి ఒక వారం స్పీచ్ థెరపీకి తీసుకువెళ్ళాలి. పని రోజుల్లో, సాయంత్రం ఆరింటికి, అమీర్‌పేట మీదుగా. బయటి బెంచీ మీద థెరపీ ముగిసేదాకా కూర్చుని, థెరపిస్టు చెప్పిన అభ్యాసం ఇంటికి వచ్చి అతనితో చేయించాలి. గ్రహణం ఆరోపణకు ఒక వారం, బొప్పాయికి రెండు వారాలు, "అమ్మ ఉద్యోగం చేసింది కదా మరి" అన్నదానికి పూర్తి నెల. ఫీజు ముందే చెల్లించాలి. పినత్తగారికి ఏ రాయితీ వర్తించదు.